అరటి గెలలోని సెరొటోనిన్, చిన్నమెదడులోని సెరొటోనిన్

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ కోనసీమకు ముఖద్వారంగా నిలిచిన రావులపాలెం అరటి వర్తకానికి పేరుపడ్డ ఊరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువ నీరు నిలకడగా అందిన డెల్టా చేలలోనూ, వరదలు ఒండ్రు మేటవేసే లంకల్లోనూ పండిన కర్పూర, చక్రకేళి, అమృతపాణి, బొంత గెలలు సైకిళ్లకు ఇరువైపులా వేలాడుతూ ఇక్కడి యార్డుకు చేరి, లారీలకెక్కి ఒడిశా, బీహార్ల దాకా వెళుతుంటాయి.

ఈ పండు 1958లో నాడీ రసాయన శాస్త్ర చరిత్రలోనూ చోటు సంపాదించింది. అరటిపండ్లు తిన్నవారి మూత్రంలో సెరొటోనిన్ అనే రసాయనం విరిగి ఏర్పడే పదార్థం అధికంగా కనిపించడంతో, వాల్క్స్, ఉడెన్‌ఫ్రెండ్ తదితర శాస్త్రవేత్తలు పండును పరీక్షించి, గుజ్జులోనూ, అంతకు మించి తొక్కలోనూ సెరొటోనిన్ ఉందని తేల్చారు. కొన్ని కణితులను గుర్తించే మూత్ర పరీక్షకు ముందు అరటిపండు మానమని వైద్యులు చెప్పేది అందుకే. రక్తనాళాలను బిగించే ఈ రసాయనాన్ని రాపోర్ట్, గ్రీన్, పేజ్ 1948లో రక్తరసం నుంచి వేరుచేయగా, 1953లో బెట్టీ ట్వారోగ్, పేజ్ దానిని మెదడులోనూ చూపారు. అయితే తిన్న సెరొటోనిన్ రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుపొరను దాటలేదు. మెదడు తనకు కావలసినదాన్ని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తానే తయారుచేసుకుంటుంది. కాబట్టి పండులోని సెరొటోనిన్ నేరుగా మెదడుకు చేరుతుందన్న నమ్మకం నిలవదు.

మెదడు అలా తయారుచేసుకున్న సెరొటోనిన్ పనిచేసే చోట్లలో చిన్నమెదడు ఒకటి. నడకకూ, చేతి నిలకడకూ లయ కూర్చే ఈ భాగంలో నాడీకణాల ఉద్రేకాన్ని అణచడం ఒక ముఖ్యమైన పని. అణచే రసాయనం గాబా, అంటే గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం, మెదడులో ఉందని 1950లో రాబర్ట్స్, ఫ్రాంకెల్ ప్రకటించారు. అది తాకిన నాడీకణంలో క్లోరైడ్ ద్వారాలు తెరుచుకోవడంతో ఆ కణం సంకేతం పంపడం కష్టమవుతుంది. చిన్నమెదడు పైపొర నుంచి సంకేతాలను బయటికి పంపే పుర్కింజే కణాలు అణచే కణాలేనని 1964లో జపాన్ శాస్త్రవేత్తలు ఇటో, యోషిదా నిరూపించడం ఈ చరిత్రలో ఒక పెద్ద మలుపు.

మెదడు కాండం నుంచి వచ్చే నాడీ తంతువులు ఈ పైపొరలో సెరొటోనిన్‌ను విడుదల చేస్తాయి. అది పుర్కింజే కణాలపై గాబా ప్రభావాన్ని పెంచుతుందని 1994లో మితోమా బృందం ఎలుకల మెదడులో గమనించింది. 2000లో ద్యుదొన్నె, ద్యుమూలాఁ మరో మార్గం చూపారు: సెరొటోనిన్ లుగారో అనే అణచే కణాలను మేల్కొలిపితే, అవి మరో అణచే కణాలైన గోల్గీ కణాలను అణచివేస్తాయి. అణచేవాటినే అణచడం ఒకచోట, అణచివేతకు బలం చేకూర్చడం మరొకచోట జరుగుతున్నందున, సెరొటోనిన్‌ను కేవలం కళ్లెంగానో కొరడాగానో వర్ణించడం సరికాదు. ఇవన్నీ ప్రధానంగా ఎలుకల మెదడులో తేలిన విషయాలు కనుక, మనిషి నడకకూ మనోస్థితికీ వీటిని నేరుగా అన్వయించే మాటలను పాఠకులు పరీక్షించి మాత్రమే స్వీకరించాలి.