కృష్ణ ఒడ్డుకొచ్చిన కైసరు నాణెం

మాచర్ల దాటి, రైటు బ్యాంకు రేవులో టిక్కెట్టు తీసుకుని లాంచీ ఎక్కండి. కిటికీ పక్కన చోటు దొరక్కపోయినా ఫర్వాలేదు, రెయిలింగు పట్టుకుని నిలబడండి. ఇంజను దడదడలాడుతోంది. డీజిలు వాసన. పక్కన బడిపిల్లలు ఫోటోల గొడవలో ఉన్నారు. మీరు మాత్రం కిందికి చూడండి. ఈ పచ్చటి నీళ్ల అడుగున ఒక రాజధాని ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యాముకు శంకుస్థాపన చేసేనాటికే పురావస్తు శాఖవాళ్లు లోయలో పలుగూ పారా పట్టి ఉన్నారు. నీళ్లు ముంచెత్తేలోగా చేతనైనంత పైకి తెచ్చారు. అదిగో, ఎదురుగా కనిపిస్తున్న ద్వీపమే నాగార్జునకొండ.

ఈ లోయలో దొరికినవాటిలో రోము బంగారు నాణేలున్నాయి. ఒకటి ఆంటోనినస్ పయస్ భార్య ఫాస్టీనాది. ఇంకొకటి తిబెరియస్ చక్రవర్తిది. తిబెరియస్ అంటే ఎవరో పరాయివాడు అనుకునేరు! గురజాల, నరసరావుపేట గుడుల్లో ఆదివారం ప్రసంగంలో వినబడే తిబెరి కైసరు ఆయనే. పన్ను కట్టాలా వద్దా అని యేసును ఇరుకున పెట్టబోయినప్పుడు, ఆయన ఒక దేనారం తెప్పించి దానిమీద బొమ్మ ఎవరిదని అడిగాడే, ఆ కైసరే. అప్పుడు చూపించింది తిబెరియస్ వెండి దేనారమే అయ్యుంటుందని చాలామంది నాణేల పండితుల మాట.

చెయ్యి చాపండి. ఆ ముద్ర ఉన్న బంగారు బిళ్ల మీ అరచేతిలో పడిందనుకోండి. పాత స్టీలు పావలా అంతే ఉంటుంది, కానీ బరువు ఏడున్నర గ్రాముల పైమాటే. చూపుకు చిన్నది, చేతికి బరువైనది. ఒకవైపు ఆకుల దండ తలకు చుట్టుకున్న ముఖం, కుడివైపుకి చూస్తూ. చుట్టూ లాటిన్ అక్షరాలు: దైవమైన ఆగస్టస్ కొడుకు తిబెరియస్ అని. తిప్పండి. ఆసనం మీద కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో దండం, ఇంకో చేతిలో కొమ్మ. చక్రవర్తి తల్లి లివియా అంటారు. బంగారంలోనూ వెండిలోనూ ఇదే ముద్ర. యెరూషలేములో అది పన్ను. ఇక్కడ మాత్రం సరుకుకు వెల, అంతే. ఆ రాజు మన రాజు కాడు కనుక మనవాళ్లకు మొహమాటం లేదు. ఈ దేశంలో దొరికిన రోము నాణేలలో చాలావాటికి ముఖం మీద ఉలిగాటు ఉంటుంది, కొన్నిటికి మెళ్లో వేసుకోవడానికి చిల్లులుంటాయి.

ఎలా వచ్చాయి? ఎర్రసముద్రపు రేవుల నుంచి ఋతుపవనాల గాలి పట్టుకుని ఓడలొచ్చేవి. మసాలియా తీరంలో సన్నని నేతబట్ట విరివిగా తయారవుతుందని మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిపెట్టాడు. మన బందరు వైపు తీరమే అది. దానికి దగ్గర్లోని ఘంటసాల పేరు కంటకసోలగా నాగార్జునకొండ శాసనంలోనే ఉంది. అక్కడి నుంచి కృష్ణ వెంట ఎగువకు వస్తే ఈ లోయే. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఆరో ఏట మహాచైత్యానికి స్తంభం ఎత్తించిన మహాదేవి రుద్రధరభట్టారిక, ఉజ్జయిని మహారాజు కూతురు, 170 దినారి మాషకాలు ఇచ్చినట్టు చెక్కించింది. రోము దేనారం పేరు ఇక్కడి రాణి దానపు లెక్కలోకి ఎక్కేసింది!

ఈ ఒక్క లోయే కాదు. వినుకొండలో తిబెరియస్ మొదలు కారకల్లా దాకా 15 బంగారు నాణేలు దొరికినట్టు చరిత్రకారుడు రాబర్ట్ సీవెల్ 1904లోనే లెక్కరాశాడు. ఏరు దాటితే నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఆగస్టస్, తిబెరియస్ వెండి దేనారాలు ఏకంగా 1,531.

మరి కంచువి? యేసు కథల్లో అసలు మనసును పట్టేవి అవే కదా: పేద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసులు. యూదుల రాజు అలెగ్జాండర్ జన్నేయస్ వేయించిన లంగరు, నక్షత్రం బొమ్మల కాసులు అలాంటివే, గ్రాము బరువైనా తూగనివి చాలా ఉన్నాయి. పొంతి పిలాతు వేయించిన కంచు నాణేల మీద రోము పూజారుల వంకీకర్ర, గరిటె ఉంటాయి. అవి యూదయ సంతలో చెల్లే చిల్లర. లోహపు విలువకే పుచ్చుకునే పరదేశానికి కంచు మోసుకెళ్లి ఎవడు బాగుపడతాడు? తర్వాతి శతాబ్దాల రోము రాగి తమిళనాడులో, సింహళంలో దండిగా దొరికింది, అది వేరే కథ. విజయపురి బజార్లో చిల్లరకు ఇక్ష్వాకుల సీసపు నాణేలుండేవి, ఒకవైపు ఏనుగు, ఒకవైపు ఉజ్జయిని గుర్తు.

నాకు అబ్బురమనిపించేది ఒకటే. లూథరను మిషనరీ హయ్యరు ఫాదరు గురజాలకు సువార్త తెచ్చింది 1849లో. కథ ఇక్కడికి రావడానికి వెయ్యిన్నర ఏళ్లకు పైగా ముందే, ఆ కథలోని కైసరు ముఖం పల్నాడు చేరి మట్టిలో ఎదురుచూస్తోంది.

లాంచీ ఒడ్డుకు తగిలింది, దిగండి. మెట్లెక్కుతూ ఒక మాట. బైబిలు కాలం నాటి కాసులు సేకరించాలని సరదా ఉంటే కొనుక్కోండి, విధవరాలి కాసులు అరుదేమీ కావు. కానీ నకిలీలు అంతకన్నా ఎక్కువ. రసీదూ, నమ్మకమైన అమ్మకందారూ లేకుండా ముట్టుకోకండి. కంచుమీది పచ్చటి చిలుము చూసి చింతపండుతో తోమకండి, దాంతో అక్షరాలూ పోతాయి. ఇక ఎవరైనా పల్నాడు చేలో దొరికిందని చెప్పి చాటుగా అమ్మజూపితే, వద్దనండి. మీ దుక్కిలోనే తగిలితే దాచకండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. పల్నాడు కలెక్టరాఫీసు నరసరావుపేటలో ఉంది.