ఎడమ అంచున ఆడినవాడు

చాలా కాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. ఫుట్‌బాల్ గురించి నార్కట్‌పల్లిలో కూర్చొని రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. మా ఊరికి జాతీయ రహదారి ఉంది, చెర్వుగట్టు రామలింగేశ్వరుడున్నాడు, అద్దంకి వైపు చీలిపోయే దారి ఉంది. ఫుట్‌బాల్ మాత్రం లేదు. మా బడి మైదానంలో కబడ్డీ, వాలీబాల్ తప్ప మరొకటి ఆడగా నేను చూడలేదు. అయినా ఈ ఆట మా ఇంట్లోకి ఒక మనిషి మాటల వెంట వచ్చింది. ఆ మనిషి మా పెద్దబాపు.

నల్లగొండ పల్లెలు పోరాటంతోనూ, ఆ తరువాత వచ్చిన పోలీసు క్యాంపులతోనూ అట్టుడికిన ఆ రోజుల్లో ఆయన పదిహేనేళ్ళ పిల్లవాడు. బతుకు వెతుక్కుంటూ సికిందరాబాదు చేరి, చివరకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కూలిగా కుదిరాడు. సాయంత్రం వర్క్‌షాపు వదిలిన తరువాత చూడడానికి ఖర్చు లేని వినోదం ఒక్కటే ఉండేది. అది ఫుట్‌బాల్. లాలాగూడలో రైడర్స్ క్లబ్బు అని ఒక జట్టు ఉండేది. దానికి ఆడిన ఒక బక్కపలుచటి కుర్రవాడి గురించి ఆయన చచ్చేదాకా చెప్పుకున్నాడు. ఆ కుర్రవాడి పేరు తులసీదాస్ బలరాం.

బలరాం 1936లో సికిందరాబాదు దండు ప్రాంతంలోని అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. 1950ల నడుమ లాలాగూడ కుర్రవాడిగా ఆడుతున్నప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం కంట పడ్డాడు. రహీం సాహెబు గురించి ఇప్పుడు చాలామందికి తెలుసు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా పుణ్యమా అని ఆయన పేరు మళ్ళీ వినబడింది. ఉస్మానియా పట్టభద్రుడు, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. అటువంటి గెలుపు మన దేశంలో మరే జట్టుకూ సాధ్యం కాలేదు. 1950లో ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును కూడా తెచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 1950 అంటే మా జిల్లాలో పోలీసు అన్న మాట వింటే పిల్లలు గడ్డివాముల వెనుక దాక్కొనే కాలం. సాయుధ పోరాటం విరమించింది 1951 అక్టోబరులో. తన ఊళ్ళో ఖాకీ నీడ చూసి పారిపోయి వచ్చిన కుర్రవాడే ఫతే మైదానంలో పోలీసు జట్టు గోలు కొడితే గొంతు పగిలేలా అరిచేవాడు. ఇదెట్లా కుదిరిందని నేను అడిగితే ఆయన కాసేపు బీడీ వంక చూసి, "ఆడ లాఠీ లేదు గదరా, బంతే ఉండె" అన్నాడు. చరిత్ర పుస్తకాలు రాసేవారికి ఈ వాక్యం పనికివస్తుందో లేదో గాని, నాకు మాత్రం చాలా పనికి వచ్చింది.

రహీం పిలిచినప్పుడు బలరాం దగ్గర అమ్ముగూడ నుండి ఫతే మైదానం దాకా రావడానికి డబ్బు లేదు. రమారమి పది మైళ్ళ దూరం. సైకిలు అద్దెకు తెచ్చుకోమని రహీం తన జేబులోంచే డబ్బు ఇచ్చాడని చెబుతారు. ఆ అద్దె సైకిలు మీద వచ్చిన కుర్రవాడు 1956లో హైదరాబాదు తరఫున సంతోష్ ట్రోఫీ గెలిచాడు. అదే ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులోనూ ఉన్నాడు. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనలు దాకా వెళ్ళి నాలుగవ స్థానంలో నిలిచింది. పందొమ్మిది, ఇరవయ్యేళ్ళ వయసు.

బలరాం ముందు వరుసలో ఎక్కడైనా ఆడగలిగేవాడు. అయినా ఎడమ అంచున ఆడిన బలరాం మీదనే మా పెద్దబాపుకు మక్కువ. ఆ రోజుల్లో వింగరు అనే మాట కంటే లెఫ్ట్ అవుట్, రైట్ అవుట్ అనే మాటలే మైదానంలో వినబడేవట. ఈ స్థానం గురించి ఆయన చెప్పిన ఒక విషయం తరువాత ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. మైదానం నడుమ ఆడేవాడు అందరికీ సమానంగా దూరం. అంచున ఆడేవాడు మాత్రం గీత పక్కన నిలబడ్డ మనుషులకు చేతికందేంత దగ్గర. అతడి రొప్పు వినబడుతుంది, చెమట కనబడుతుంది, తిడితే అతడికి వినబడుతుంది. హాఫ్ టైం కాగానే జట్లు దిక్కు మారతాయి. మెట్లూ కుర్చీలూ లేని మైదానాలలో బలరాం కోసం వచ్చినవాళ్ళు గుంపుగా ఈ వైపు నుండి ఆ వైపుకు నడిచిపోయేవారట. "ఆట సగం, నడక సగం" అని నవ్వేవాడు. తిరునాళ్ళలో రథం వెంట జనం కదిలినట్టు నాకు ఊహలో కనబడేది.

1957లో బలరాం కలకత్తా వెళ్ళిపోయాడు, ఈస్ట్ బెంగాల్ జట్టుకు.

కలకత్తా జట్లు దక్షిణాది ఆటగాళ్ళను తీసుకుపోవడం కొత్త కాదు. బలరాం కంటే ముందే అదే ఈస్ట్ బెంగాల్‌లో 'పంచ పాండవులు' అని పేరు తెచ్చుకున్న ముందు వరుస వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అయిదుగురూ దక్షిణాదివారే. బంగాళీలు పేరు పెట్టడంలోనే వారిని ఇంటివారిగా చేసుకున్నారు. హైదరాబాదు నుండి ఆ తరువాత నయీముద్దీన్ వెళ్ళాడు, 1966లో మొహమ్మద్ హబీబ్ వెళ్ళాడు, ఆయన తమ్ముడు అక్బర్ వెళ్ళాడు, ఆ తరువాత షబ్బీర్ అలీ. ఈ వరుస చూస్తే మా పాలమూరు వలస గుర్తుకు వస్తుంది. అక్కడ పార, తట్ట, ఇక్కడ బూట్లు.

లాలాగూడలో బలరాం వెళ్ళిపోవడం గురించి ఏమనుకున్నారు? దీనికి కాగితం మీద సాక్ష్యం లేదు, మా పెద్దబాపు మాట తప్ప. వర్క్‌షాపులో రెండు పక్షాలు ఏర్పడ్డాయట. ఒక పక్షం వారు, సైకిలు అద్దె ఇచ్చి పెంచిన గురువును విడిచిపోయాడని కోపగించుకున్నారు. రెండవ పక్షం వారు లెక్క వేశారు. ఆట మీద బతకాలంటే కలకత్తా తప్ప గతి లేదు. అక్కడ లీగు మ్యాచికి కూడా జనం వేలల్లో వస్తారు, జట్టు ఆటగాడిని చూసుకుంటుంది. మా పెద్దబాపు మొదట మొదటి పక్షం. కొన్నేళ్ళకు రెండవ పక్షానికి మారాడు. ఎందుకు మారావంటే, "చప్పట్లు మేం కొట్టినం, బువ్వ కలకత్తోళ్ళు పెట్టిన్రు. ఇగ మాదేం నోరు?" అన్నాడు. తానూ ఊరు విడిచి వచ్చినవాడే కదా. ఆ మాట ఆయన అనలేదు, నేనే అంటున్నాను.

గురువును విడిచిపోయాడన్న మాట కూడా నిలవదు. భారత జట్టు శిక్షకుడు రహీమే కనుక బలరాం ఆయన చేతి కిందనే ఆడుతూ వచ్చాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగెరీ మీద మనవాళ్ళు 1-2తో ఓడినప్పుడు ఆ ఒక్క గోలు బలరాందే. ఆ హంగెరీ జట్టే చివరకు కాంస్యం గెలిచింది. పెరూ మీద 1-3తో ఓడినప్పుడూ ఆ ఒక్కటి ఇతడిదే. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని ముగ్గురినీ కలిపి తలుచుకోవడం అప్పటి నుండే మొదలయింది. చునీకి ఎడమ లోపలి స్థానం ఇవ్వవలసి వచ్చినప్పుడు బలరాం అంచుకు జరిగి ఆడాడు. అతడి ఉదారత అని కొందరంటారు. నాకైతే రహీం పాఠమే అందులో కనబడుతుంది. బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి పిల్లలకు పోటీలు జరిపిన మనిషి ఆయన. ఏ కాలైనా, ఏ చోటైనా ఆడగలగడమే ఆ బడిలో చదువు.

ఈస్ట్ బెంగాల్‌కు బలరాం వందకు పైగా గోలులు కొట్టాడు. 1961లో నాయకుడిగా కలకత్తా లీగు గెలిపించాడు, ఆ ఏడాది లీగులో అందరికంటే ఎక్కువ గోలులు అతడివే. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం. ఫైనలులో మన జట్టు మీద కక్షతో అరుస్తున్న వేలాది జనం నడుమ దక్షిణ కొరియాను 2-1తో గెలిచారు. అప్పటికే రహీం ఒంట్లో క్యాన్సరు ఉంది. 1963 జూన్ 11న ఆయన పోయారు. అదే 1963లో బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారిన బలరాంకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకొని ఆట ముగిసిపోయింది. ఇరవయ్యేడేళ్ళు నిండీ నిండకుండానే. గురువూ శిష్యుడూ ఒకే ఏడాది మైదానం విడిచారు. వయసు తేడా మాత్రం ఇరవయ్యేడేళ్ళు.

బలరాం మళ్ళీ హైదరాబాదుకు కాపురానికి రాలేదు. హుగ్లీ తీరాన ఉత్తరపారాలో ఒంటరిగా ఉండిపోయి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు. అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ పోయాడు. 1977లో పెలే వచ్చినప్పుడు కాస్మాస్ మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన హబీబ్. ఆయన మాత్రం ఆట అయిపోయాక తిరిగి వచ్చి హైదరాబాదులోనే పోయాడు. ఇద్దరి మరణ వార్తలూ మన తెలుగు పత్రికల కంటే కలకత్తా పత్రికలలోనే పెద్దవిగా వచ్చాయన్నది నా కంటికి తోచింది. ఎవరిది తప్పు అనడానికి నాకు ధైర్యం చాలదు.

ఇంతవరకూ పాత కథ. మా పెద్దబాపు ఈ తరువాతది చూడకుండానే పోయాడు.

2019లో పుణె జట్టు స్థానంలో హైదరాబాదు ఎఫ్‌సీ పుట్టింది. పసుపు నలుపు చొక్కాలు, గచ్చిబౌలిలో ఆటలు, 'డెక్కన్ లీజియన్' పేరుతో అభిమానుల గుంపు. నేనూ రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చాను. 2020 జనవరిలో గోవా నుండి లిస్టన్ కొలాసో అనే కుర్రవాడు వచ్చాడు. ఎడమ అంచు నుండి లోపలికి కోసుకొచ్చి కుడికాలితో బంతి కొట్టేవాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ ఎడమ అంచు! అంతలో కరోనా వచ్చింది. మరుసటి సీజను మొత్తం గోవాలో, ఖాళీ మైదానాలలో జరిగింది. 2021 ఏప్రిల్‌లో లిస్టన్ వెళ్ళిపోయాడు. ఎక్కడికో చెప్పనక్కరలేదు: కలకత్తాకు, అప్పట్లో ఏటీకే మోహన్ బగాన్. కోటి రూపాయల వరకు ధర పలికిందని, భారతీయ ఆటగాడికి అది కొత్త రికార్డని పత్రికలు రాశాయి.

హైదరాబాదు తన వింగరును కళ్ళారా చూసింది కొన్ని వారాలే. గీత పక్కన నిలబడి రొప్పు విన్నవారు ఎవరూ లేరు. అందుకేనేమో అతడి మీద కోపం కూడా ఎవరికీ సరిగా రాలేదు. కోపం రావాలంటే ముందు దగ్గరతనం ఉండాలి.

మరుసటి సీజనులో జరిగింది చూడండి. 2022 సెమీఫైనలులో హైదరాబాదు రెండు ఆటలూ కలిపి 3-2తో అదే ఏటీకే మోహన్ బగాన్‌ను ఓడించింది. మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో గెలిచి కప్పు ఎత్తింది. గోలుకీపరు కట్టిమని ఆ రాత్రి ఆపిన బంతులు నేను టీవీ ముందు నిలబడే చూశాను. మరుసటి ఏడు సెమీఫైనలులో కలకత్తావారు పెనాల్టీలలోనే బదులు తీర్చుకొని, ఆపై కప్పూ గెలిచారు.

తరువాత అంతా జారుడే. డబ్బు ఇబ్బందులు, జీతాల బకాయిలు, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం. 2023-24లో ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగున మిగిలింది. 2025లో జట్టే ఊరు మార్చుకొని ఢిల్లీ వెళ్ళి, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మార్చుకుంది. ఆటగాడు పోతే తిట్టుకోవడానికో దీవించడానికో అలవాటు పడిన అభిమానికి, జట్టే పోతే ఏం చెయ్యాలో పెద్దలెవరూ నేర్పలేదు. లాలాగూడ వర్క్‌షాపులో అయితే మూడవ పక్షం ఒకటి లేచేదేమో.

మా అన్న కొడుకు దగ్గర గచ్చిబౌలి గేటు బయట కొన్న పసుపు చొక్కా ఒకటి ఉంది. మొన్న చెర్వుగట్టు జాతరకు అదే తొడుక్కొని వస్తే, "ఇగ ఆ టీం లేదు గదరా" అన్నాను. "చొక్కా ఉన్నది గద చిన్నాయినా" అని, వాడు మెట్ల వైపు పరుగు తీశాడు. గమనించాను, ఎడమ పక్కనుండే ఎక్కుతున్నాడు.