గురిగింజ తూకము: విషౌషధముల పూర్వకథ

మన జ్యోతినగరు పరిసరములలో కంచెలపై అల్లుకొను గురిగింజ తీగెను ఎఱుగనివారుండరు. ఎఱ్ఱని మేనిపై నల్లని మచ్చ గల ఆ గింజతో పూర్వము ఔసలి బంగారమును, వైద్యుడు మందును తూచుచుండిరి. దాని బరువు ఇంచుమించు గ్రాములో ఎనిమిదవ వంతు. అయితే ఆ గింజయే విషము. నలిగి కడుపులో పడినచో ప్రాణము తీయగలదు. విషమును తూచుటకు విషమునే తూనికరాయిగా పెట్టుకొనిన పెద్దల సంగతి, లెక్కలు వ్రాసి పొట్ట పోసికొను నావంటి వానికి వింతగా తోచినది. రజతోత్సవ సంచికకు ఏదైన వ్రాయుమని మిత్రులు కోరగా ఈ విషయమునే ఎంచుకొంటిని.

తీక్ష్ణమైన విషము సైతము యుక్తి నెఱిగి వాడినచో మందగునను భావము చరకసంహితలో తొలి అధ్యాయముననే కలదు. యుక్తి తప్పినచో మందే విషమగునని కూడ అందే యున్నది. ఆ గ్రంథముననే ఉదరరోగ చికిత్సను చెప్పుచోట ఒక ఆశ్చర్యకరమైన ఘట్టమున్నది. ఏ మందునకును లొంగని రోగికి విషమీయదలచిన వైద్యుడు ముందుగా బంధుమిత్రులను పిలిచి, చికిత్స చేయకున్న మరణము నిశ్చయమనియు, చేసినను సంశయమేయనియు విప్పి చెప్పవలెను. వారు సమ్మతించిన పిదపనే, కోపించిన పాము కాటువేసి విషము విడిచిన పండును రోగికి తినిపింపవలెను. నేడు శస్త్రచికిత్సకు ముందు ఆసుపత్రిలో మనచే సంతకము చేయించుకొను కాగితమునకు ఇది తాత వంటిది. ఆ పండు తిని బ్రతికినవారెందరో, పోయినవారెందరో లెక్క వ్రాసినవారు మాత్రము లేరు.

పాము విషము అరుదైన మాట. చెట్ల విషములే వైద్యుల నిత్యావసరములు. ముష్టి, నల్లజీడి మన అడవులలో దొరకును. నాభి మాత్రము హిమాలయముల నుండి అంగడికి వచ్చును. తెలుగు వైద్యుల చేతిపుస్తకమైన బసవరాజీయమున నాభియు, పాదరసమును చేరిన యోగములు కానవచ్చును. ఇవి ఏవియు పచ్చిగా వాడదగినవి కావు. నాభి దుంపను గోమూత్రమున మూడు దినములు నానవేయుటయు, ఆవుపాలలో ఉడికించుటయు కలదు. ఉడికించినప్పుడు అందలి ఘోరవిషము విరిగి బలహీనపడునని నేటి రసాయనశాస్త్రము తేల్చినది. ముష్టిగింజలను పాలలో ఉడికించి, పైపొట్టు తీసి, నేతిలో వేయింతురు. ఆ గింజలోని విషసారమును 1818లో ఫ్రాన్సు దేశీయులు విడదీసి స్ట్రిక్నిన్ అని పేరిడిరి. జీడిగింజలను ఇటుకపొడిలో రుద్ది సొన పీల్పింతురు. బట్టలకు చాకలి గుర్తు పెట్టు సొన ఇదే. బాల్యమున దానితో ఆడుకొని ముఖమెల్ల పొక్కి, వారము దినములు బడికి పోని ఘనత నాకు గలదు.

1945 నాటి ఔషధ నిబంధనలలో తరువాత చేర్చిన ఒక పట్టికలో నాభి, ముష్టి, జీడి, గురిగింజ, సర్పవిషము అన్నియు నున్నవి. ఇవి కలిసిన మందును వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని సీసాపై ముద్రింపవలెను. ఇంట తాతలనాటి తాళపత్రము దొరికినదని స్వయముగా నూరుకొనువారు ఈ పట్టికను చూడవలెను.

పాముకాటు సంగతి వేఱు. పదునెనిమిదవ శతాబ్దమున విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు తెలుగుదేశపు పాములను సేకరించి, 1796లో గ్రంథము ప్రకటించెను. అందు రక్తపింజరిని మనవారి నోట విన్నట్లే ‘కాటుక రేకుల పొడ’ అని వ్రాసెను. పాముకాటునకు ఆనాడు పేరుపొందిన తంజావూరు మాత్రలలో పాషాణమును, పాదరసమును ఉండెడివి. ఆయన వాటిని కుక్కలపైనను, కోళ్ళపైనను పరీక్షించెను. విన్న మాటను నమ్మక పరీక్షకు పెట్టుటయే నాకు నచ్చిన గుణము. అసలైన విరుగుడు 1894లో ఫ్రాన్సున వెలువడినది. జంతువునకు పాము విషమును కొద్దికొద్దిగా ఎక్కించి, దాని నెత్తుటి నుండి మందు తీసిరి. నేడు గుఱ్ఱముల నుండి తీయు ఆ మందు మన దేశమున నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటికిని పనిచేయును. ఇక్కడను విషమే మందు, తూకమే ప్రాణము.

కొన్నియేండ్ల క్రిందట మా పొరుగు రైతును రాత్రి నిద్రలో కట్లపాము కఱచినది. కట్లపాము కాటునకు నొప్పియు, వాపును అంతగా నుండవు. చీమ కుట్టినదనుకొనిరి. కనుఱెప్పలు వాలిన పిదప పసరు పోయించుటకు ప్రక్క ఊరికి కొనిపోయిరి. తెల్లవారక మునుపే ఊపిరి నిలిచినది. సూదిమందు గల ఆసుపత్రికి మా ఊరినుండి మోటారుసైకిలుపై అర్ధగంట దారి.