పట్టాల వెంట పుట్టిన సఫారీ

1909 ఏప్రిల్‌లో మొంబాసా రేవులో దిగిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ నైరోబీ రైలెక్కాడు గానీ, పెట్టెలో కూర్చోలేదు. ఇంజను ముక్కు మీద బిగించిన బల్ల ఎక్కాడు. ఎదురుగా అడ్డేమీ లేదు. జీబ్రాలు, జిరాఫీలు, దుప్పుల మందలు కనుచూపు మేర మేస్తూ కనిపించాయి. ఈ రోజు లక్షలాది మంది కెన్యా వెళ్లి చూసే దృశ్యం అదే.

ఆ రైలును ఎవరూ విహారయాత్రల కోసం వేయలేదు. ఉగాండాను, నైలు నది మొదళ్లను గుప్పిట్లో పెట్టుకోవాలన్నది బ్రిటిష్ వాళ్ల ఆలోచన. 1896లో మొంబాసాలో మొదలైన పట్టాలు 1901లో విక్టోరియా సరస్సును చేరాయి. వాటిని వేయడానికి భారతదేశం నుంచి సుమారు 32,000 మంది కూలీలను ఓడల్లో తరలించారు. వాళ్లలో ఎక్కువమంది పంజాబీలు. రోగాలకు, ప్రమాదాలకు దాదాపు 2,500 మంది బలయ్యారు. 1898లో సావో నది దగ్గర రెండు మగ సింహాలు గుడారాల్లో నిద్రపోతున్న కూలీలను ఈడ్చుకుపోవడంతో వంతెన పని కొన్నాళ్లు ఆగిపోయింది. చివరికి వాటిని కాల్చి చంపిన ఇంజనీరు ప్యాటర్సన్ పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆ సింహాలు ఇప్పుడు చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఉన్నాయి. చనిపోయిన కూలీల్లో చాలామంది పేర్లు కూడా మిగల్లేదు.

1899లో పట్టాలు చేరేనాటికి నైరోబీ ఊరే కాదు, ఒక చిత్తడి మైదానం. 1904 క్రిస్మస్ నాటికి అక్కడ నార్‌ఫోక్ హోటల్ తెరుచుకుంది. సంపన్న వేటగాళ్లు రైలు దిగి ఆ హోటల్లో బస చేసి, అక్కడే బలగాన్ని కూర్చుకుని అడవికి బయల్దేరేవాళ్లు.

పట్టాలు దాటితే మళ్లీ కాలినడకే. అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా వర్తకుల బిడారుల్లో బరువులు మోసినట్టే, ఇప్పుడు వేటగాళ్ల గుడారాలనూ స్థానికులే నెత్తిన మోశారు. మనిషికి సుమారు 27 కిలోల మూట. రూజ్‌వెల్ట్ బృందం వెంట 200 మందికి పైగా మోతగాళ్లు నడిచారు. జంతువుల తోళ్లు చెడిపోకుండా పట్టించడానికి తెచ్చిన ఉప్పే నాలుగు టన్నులు! రూజ్‌వెల్ట్, వెంట వచ్చిన ఆయన కొడుకు కలిసి 500కు పైగా జంతువులను కాల్చారు. ఆ నమూనాలు స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరాయి.

తుపాకీ పక్కకు కెమెరా మెల్లగా చేరింది. 1920లలో మార్టిన్, ఓసా జాన్సన్ దంపతులు ఉత్తర కెన్యాలో మకాం వేసి తీసిన సినిమాలు అమెరికాలో థియేటర్లు నింపాయి. 1946లో నైరోబీ నేషనల్ పార్కు, 1948లో సావో పార్కు ఏర్పడ్డాయి. 1977లో కెన్యా వేటనే నిషేధించింది.

అయితే ఆ మైదానాలు ఖాళీ నేలలు కావు. రైలుకైన 50 లక్షల పౌండ్లకు పైగా ఖర్చు రాబట్టుకోవడానికి వలస ప్రభుత్వం ఐరోపా రైతులను రప్పించింది. వాళ్లకు చోటు చేయడం కోసం 1904లో ఒకసారి, 1911లో మరోసారి ఒప్పందాల పేరుతో మసాయి పశువుల కాపరులను మంచి బీళ్ల నుంచి కదిలించింది. వాళ్లను తరలించిన దక్షిణ ప్రాంతంలోనే 1961లో మసాయి మారా అభయారణ్యం వెలిసింది. ఇప్పుడు దాని చుట్టుపక్కల భూములున్న మసాయి కుటుంబాలు వాటిని కన్జర్వెన్సీలకు, అంటే వన్యప్రాణుల సంరక్షణ క్షేత్రాలకు, కౌలుకిస్తున్నాయి. పశువుల మేతపై పరిమితులకు ఒప్పుకున్నందుకు, పర్యాటక సంస్థలు ఆ కుటుంబాలకు అద్దె చెల్లిస్తున్నాయి.