ఫెయిర్‌ట్యాక్స్ (అమెరికా జాతీయ అమ్మకపు పన్ను ప్రతిపాదన)

అమెరికాలో ఫెడరల్ ఆదాయపు పన్నును పూర్తిగా ఎత్తేసి, దాని స్థానంలో దేశమంతటా ఒకే రేటుతో చిల్లర అమ్మకాలపై పన్ను వేయాలన్న ప్రతిపాదనకు ఫెయిర్‌ట్యాక్స్ అని పేరు. జార్జియాకు చెందిన రిపబ్లికన్ సభ్యుడు జాన్ లిండర్ 1999లో దీన్ని తొలిసారి ప్రతినిధుల సభలో బిల్లుగా పెట్టారు. ఆయన తర్వాత అదే రాష్ట్రానికి చెందిన రాబ్ వుడాల్, బడ్డీ కార్టర్ ఆ పని కొనసాగించారు. పాతికేళ్లు దాటినా బిల్లు సభలో ఓటింగ్ దాకా రాలేదు. అయినా పన్నుల మీద జరిగే ప్రతి పెద్ద చర్చలోనూ దీని ప్రస్తావన వస్తూనే ఉంటుంది.

నేపథ్యం

అమెరికా మొదటిసారి ఆదాయపు పన్ను వేసింది అంతర్యుద్ధ కాలంలో. యుద్ధం ముగిశాక అది పోయింది. 1894లో కాంగ్రెస్ మళ్లీ వేస్తే, మరుసటి ఏడాదే పొలాక్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరకు 1913లో రాజ్యాంగానికి 16వ సవరణ చేసి కాంగ్రెస్‌కు ఆ అధికారం ఇచ్చారు. అప్పటి రేట్లు 1 శాతంతో మొదలై 7 శాతం దగ్గర ఆగేవి, కట్టేవాళ్లూ కొద్దిమందే. రెండో ప్రపంచ యుద్ధం నాటికి గరిష్ఠ రేటు 94 శాతానికి చేరింది. 1943 నుంచి జీతం చేతికి రాకముందే పన్ను కోసుకోవడం మొదలైంది. సామాన్య ఉద్యోగికి ఆదాయపు పన్ను నిజంగా తగిలింది అప్పుడే.

1990ల్లో రిపబ్లికన్ పార్టీలో ఈ పన్నును వేళ్లతో సహా పెకలించాలన్న వాదం బలపడింది. సెనేటర్ రిచర్డ్ లూగర్ 1996 అధ్యక్ష పోటీలో జాతీయ అమ్మకపు పన్నునే తన ప్రధాన నినాదంగా చేసుకున్నారు. ప్రతినిధుల సభ సభ్యులు డాన్ షేఫర్, బిల్లీ టౌజిన్ అదే ఏడాది 15 శాతం రేటుతో ఒక బిల్లు తెచ్చారు. ఈలోగా హ్యూస్టన్‌లో కొందరు వ్యాపారవేత్తలు అమెరికన్స్ ఫర్ ఫెయిర్ టాక్సేషన్ అనే సంస్థను పెట్టి, ఆర్థికవేత్తలతో అధ్యయనాలు చేయించారు. ఫెయిర్‌ట్యాక్స్ బిల్లు అక్కడి నుంచి పుట్టింది. లిండర్, రేడియో వ్యాఖ్యాత నీల్ బూర్ట్జ్ కలిసి దీని మీద రాసిన పుస్తకం 2005లో న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. 2008 అధ్యక్ష పోటీలో మైక్ హకబీ ఈ ప్రతిపాదనను ఊరూరా ప్రచారం చేశారు.

బిల్లులో ఏముంది

వ్యక్తిగత ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను, సామాజిక భద్రత, మెడికేర్‌ల కోసం జీతాల నుంచి తీసుకునే పేరోల్ పన్ను, మూలధన లాభాల పన్ను, వారసత్వ, బహుమతి పన్నులు అన్నీ రద్దవుతాయి. వాటిని వసూలు చేసే ఐఆర్‌ఎస్ మూతపడుతుంది. కొత్త వస్తువులన్నిటిపైనా, సేవలన్నిటిపైనా పన్ను పడుతుంది: కిరాణా సామాను, డాక్టరు ఫీజు, ఇంటి అద్దె, కొత్తగా కట్టిన ఇల్లు, ఏదీ మినహాయింపు కాదు. పాత వస్తువుల మీద ఉండదు. చదువు ఖర్చును మాత్రం పెట్టుబడిగా చూసి వదిలేశారు. వ్యాపారం కోసం కొన్న సరుకు మీద కూడా పన్ను లేదు. వసూలు బాధ్యత రాష్ట్రాలది. అందుకు ప్రతిఫలంగా రాబడిలో పావు శాతం వాటికి మిగులుతుంది, దుకాణదారుకూ అంతే.

పేదలకు భారం కాకుండా ప్రీబేట్ అనే ఏర్పాటు ఉంది. పేదరిక రేఖ దాకా చేసే ఖర్చుపై పడే పన్నును ప్రభుత్వం ప్రతి కుటుంబానికీ నెల మొదట్లోనే చెల్లిస్తుంది. ధనిక, పేద తేడా లేదు. 2024 పేదరిక రేఖ ప్రకారం లెక్కేస్తే భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి నెలకు సుమారు 780 డాలర్లు వస్తాయి. బిల్లులో చివరన ఒక మెలిక కూడా ఉంది: ఏడేళ్లలోగా 16వ సవరణ రద్దు కాకపోతే ఈ అమ్మకపు పన్నే రద్దవుతుంది. రెండు పన్నులూ నెత్తిన పడతాయన్న భయాన్ని పోగొట్టడానికి పెట్టిన షరతు ఇది. కాకపోతే ఏడో ఏట ఆ సవరణ రద్దు కాకుండా ఐఆర్‌ఎస్ అప్పటికే మూతపడి ఉంటే ఖజానా గతేమిటన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది.

23 శాతమా, 30 శాతమా

బిల్లులో రాసింది 23 శాతం. విమర్శకులు 30 శాతం అంటారు. ఇద్దరూ చెప్పేది ఒకే పన్ను గురించి. 100 డాలర్ల వస్తువు మీద 30 డాలర్ల పన్ను పడి, కొనేవాడు 130 కడతాడు. ఆ 130లో 30 అంటే 23 శాతం. ఆదాయపు పన్ను రేటును కూడా పన్ను కలిసిన మొత్తం మీదే చెబుతాం కాబట్టి పోలికకు ఇదే సరైన పద్ధతని సమర్థకుల వాదన. అది తప్పేమీ కాదు. కానీ అమెరికా దుకాణాల్లో అట్ట మీద ఉండేది పన్ను లేని ధర, పన్ను కౌంటర్ దగ్గర కలుస్తుంది. మన దగ్గర ఎంఆర్‌పీలో జీఎస్‌టీ కలిసే ఉంటుంది, అక్కడ అలా కాదు. టెక్సాస్‌లో 8.25 శాతం అంటే 100కు 8.25 అదనం అని అందరికీ తెలుసు. అలాంటి చోట 23 అని చెప్పి 30 వసూలు చేస్తే, లెక్క ఎంత సరైనదైనా జనం మోసమనే అనుకుంటారు.

అసలు ప్రశ్న వేరే ఉంది. పోయిన పన్నుల రాబడినంతా రాబట్టడానికి ఈ రేటు సరిపోతుందా? దాదాపు సరిపోతుందని ఆర్థికవేత్త లారెన్స్ కోట్లికాఫ్ బృందం 2006లో లెక్క తేల్చింది. వాళ్లకు వచ్చిన రేటు 23.82 శాతం. బ్రూకింగ్స్ సంస్థకు చెందిన విలియం గేల్, ఎగవేత అసలే లేదనుకున్నా 31 శాతం కావాలన్నారు. అంటే కౌంటర్ దగ్గర 44 శాతం. 2005లో అధ్యక్షుడు బుష్ నియమించిన పన్ను సంస్కరణల సలహా సంఘం కూడా జాతీయ అమ్మకపు పన్నును తిరస్కరించింది. పేరోల్ పన్నును కదపకుండా ఆదాయపు పన్ను ఒక్కదాని స్థానం నింపాలన్నా కౌంటర్ దగ్గర 34 శాతం అవసరమని ఆ సంఘం చెప్పింది. ఈ తేడాల్లో చాలా భాగం ప్రభుత్వ ఖర్చు దగ్గర వస్తుంది. బిల్లు ప్రకారం ప్రభుత్వం కొనే వస్తువుల మీద, ఇచ్చే జీతాల మీద కూడా పన్ను ఉంటుంది. ఫెడరల్ ప్రభుత్వం తనకు తానే కట్టుకున్న పన్ను రాబడి ఎలా అవుతుంది? ఆ పన్ను కట్టాలంటే దాని బడ్జెట్ ఆ మేరకు పెరగాలి. ఫెయిర్‌ట్యాక్స్‌కు చెప్పే సుగుణాలన్నీ రేటు తక్కువగా ఉంటుందన్న నమ్మకం మీదే నిలిచాయి. ఆ నమ్మకానికి ఆధారం ఇంత పలుచన.

ఎగవేత

ఆదాయపు పన్నుకు ఒక బలం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. జీతం ఎంతిచ్చారో యజమాని ప్రభుత్వానికి చెబుతాడు, పన్ను ముందే కోస్తాడు. అందుకే జీతాల్లో దాగిపోయే ఆదాయం 1 శాతం మాత్రమేనని ఐఆర్‌ఎస్ అంచనా. మూడో మనిషి చెప్పే ఏర్పాటు లేని ఆదాయాల్లో ఆ దాపరికం సగానికి పైనే.

అమ్మకపు పన్నులో ఆ మూడో మనిషి లేడు. ఇంటి పైకప్పు మరమ్మతుకు 10,000 డాలర్ల పని ఉందనుకోండి. రసీదుతో చేస్తే 3,000 పన్ను కలిపి 13,000. నగదు ఇస్తానంటే పనివాడు అందులో 1,000 తగ్గిస్తాడు, ఇద్దరికీ లాభమే. అదే వ్యాట్ (విలువ ఆధారిత పన్ను) అయితే రేకులు, మేకులు, కలప కొన్నప్పుడే కొంత పన్ను ప్రభుత్వానికి చేరి ఉంటుంది. చివరి మెట్టు దగ్గర ఎగ్గొట్టినా మొత్తం పోదు. ఫెయిర్‌ట్యాక్స్ భారమంతా చివరి మెట్టు మీదే ఉంది. ఇంట్లో వాడుకునే ల్యాప్‌టాప్‌ను కంపెనీ పేరు మీద కొనడం ఇంకా తేలిక. స్వీడన్, నార్వే ఒకప్పుడు చిల్లర అమ్మకపు పన్ను నడిపి, 1969లో ఒకటి, 1970లో మరొకటి వ్యాట్‌కు మారాయి. ఓఈసీడీ దేశాల్లో అమెరికా తప్ప అన్నిటికీ వ్యాట్ ఉంది. ఇంత పెద్ద రేటును చిల్లర కౌంటర్ దగ్గరే వసూలు చేస్తున్న దేశం వాటిలో ఒక్కటీ లేదు.

భారం ఎవరి మీద

పొదుపు మీద పన్ను పోతుంది కాబట్టి పెట్టుబడులు పెరుగుతాయని, రిటర్నుల దాఖలు బాధ తప్పుతుందని, దొంగ సొమ్మైనా ఖర్చు పెట్టే చోట పన్నుకు దొరుకుతుందని సమర్థకులు అంటారు. మొదటి రెండిట్లో నిజముంది. అయితే సంపన్నులు తమ ఆదాయంలో ఖర్చు పెట్టేది కొంతే, మిగతాది పన్ను లేకుండా పేరుకుంటుంది. ప్రీబేట్ వల్ల అడుగునున్న వాళ్లకు ఊరట ఉంటుంది, పైనున్న వాళ్లకు పన్ను బాగా తగ్గుతుంది. ఆ తేడా పూడ్చాల్సింది మధ్యతరగతే. అందరికంటే గట్టి దెబ్బ తగిలేది రిటైరైన వాళ్లకు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆదాయపు పన్ను కట్టి దాచుకున్న సొమ్మును ఖర్చు పెట్టేటప్పుడు మళ్లీ 30 శాతం కట్టాలి.

డల్లాస్, హ్యూస్టన్‌లాంటి చోట్ల ఉన్న తెలుగు కుటుంబాలకు ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రీబేట్ లెక్కలోకి రావాలంటే సోషల్ సెక్యూరిటీ నంబరు, చట్టబద్ధ నివాసం రెండూ ఉండాలి. హెచ్-1బీ మీద పనిచేసే భర్తకు నంబరు ఉంటుంది. పని అనుమతి లేని హెచ్-4 భార్యకు సాధారణంగా ఉండదు. ఆమె కొన్న పాలకూ బియ్యానికీ పన్ను పడుతుంది, ప్రీబేట్‌లో మాత్రం ఆమె వాటా రాదు. మరోపక్క ఇండియాకు పంపిన డబ్బు అమెరికాలో ఖర్చు కాదు కాబట్టి దాని మీద ఈ పన్ను పడదు. అంతకుముందు ఆ డబ్బు మీద పడే ఆదాయపు పన్నూ ఉండదు.

ప్రస్తుత స్థితి

2023 జనవరిలో కెవిన్ మెకార్థీ స్పీకర్ పదవికి పోటీపడుతూ, బిల్లును సభ ముందుకు తెస్తానని సొంత పార్టీలోని అసంతృప్తులకు మాటిచ్చారని వార్తలు వచ్చాయి. తర్వాత తానే దానికి వ్యతిరేకమన్నారు. అధ్యక్షుడు బైడెన్ దాన్ని ప్రచారాస్త్రంగా వాడుకున్నారు, ఓటింగ్ మాత్రం జరగలేదు. 2025 జనవరిలో కార్టర్ బిల్లును మళ్లీ పెట్టారు. అంతకుముందు ఏడాది ట్రంప్ ఆదాయపు పన్ను స్థానంలో దిగుమతి సుంకాలు తెస్తామని మాట్లాడారు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ సుంకాల రాబడి సుమారు 7,700 కోట్ల డాలర్లు, వ్యక్తిగత ఆదాయపు పన్ను సుమారు 2.4 లక్షల కోట్ల డాలర్లు.

వాషింగ్టన్‌లో కదలని ఈ ఆలోచన రాష్ట్రాల్లో మెల్లగా కదులుతోంది. లూసియానా 2025 నుంచి ఆదాయపు పన్నును ఒకే 3 శాతానికి తగ్గించి, రాష్ట్ర అమ్మకపు పన్నును 4.45 నుంచి 5 శాతానికి పెంచింది. స్థానిక పన్నులు కలిపితే అక్కడి సగటు 10 శాతం దాటింది. మిసిసిపీ 2025 మార్చిలో ఆదాయపు పన్నును దశలవారీగా ఎత్తేసే చట్టం చేసింది. అదే చట్టంలో పెట్రోలు మీద పన్ను పెంచి, కిరాణా సరుకుల మీద 7 శాతం ఉన్న అమ్మకపు పన్నును 5 శాతానికి తగ్గించింది.