దేశభక్తి చర్చలో మన మాట: ఫోన్‌లో రాసే ముందు తెలుసుకోవాల్సినవి

వెల్దుర్తి: ఇండియా–పాకిస్తాన్ మ్యాచ్ ఉన్నా, ఆగస్టు 15 దగ్గరపడినా, పార్లమెంటులో మనకు సంబంధించిన బిల్లు వచ్చినా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చి పడుతుంది. "ఈ దేశంలో ఉంటూ..." అని మొదలయ్యే రకం. పంపింది ముక్కూ మొహం తెలియని వాడేమీ కాదు. మనం బాబాయ్ అనో, అన్నా అనో పిలిచే మనిషే. పీర్ల పండక్కి మన పక్కన నిలబడ్డ మనిషే. అందుకే మన పిల్లలు జవాబు టైపు చేస్తారు, మళ్లీ చెరిపేస్తారు. "మనకెందుకు బేటా, ఊరుకో" అంటుంది అమ్మీ. ఊరుకోవాలా, మాట్లాడాలా? మాట్లాడితే ఎంతవరకు?

ఫోన్‌తో వచ్చిన ప్రశ్న కాదు

ముస్లింని దేశభక్తి రుజువు చేసుకోమని అడగడం సోషల్ మీడియాతో మొదలు కాలేదు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లోనే 'పుట్టుమచ్చ' అనే దీర్ఘకవితలో ఈ బాధను తెలుగులో రాశారు. తర్వాత 'జల్‌జలా' కవితా సంకలనం, 'వతన్' కథల సంకలనం వచ్చాయి. మన పల్నాడు జిల్లాలోని వినుకొండ నుంచి సయ్యద్ నశీర్ అహమ్మద్ స్వాతంత్ర్య పోరాటంలో ముస్లింల పాత్రపై వరుసగా తెలుగు పుస్తకాలు తెచ్చారు. అంటే జవాబులు మన భాషలోనే, మన పక్క ఊళ్లోనే ఉన్నాయి.

గుర్తుంచుకోదగ్గ పేర్లు

'జైహింద్' నినాదాన్ని ఇచ్చింది హైదరాబాద్‌కు చెందిన ఆబిద్ హసన్ సఫ్రానీ అని చెబుతారు. 1943లో నేతాజీతో కలిసి జర్మనీ నుంచి జలాంతర్గామిలో ప్రయాణించింది ఆయనే. 'క్విట్ ఇండియా' మాట యూసుఫ్ మెహరలీది, 'ఇంక్విలాబ్ జిందాబాద్' మౌలానా హస్రత్ మొహానీది. 1857 జులైలో హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి ముందు నిలిచింది తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్. 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు.

ఇవి చెప్పడం సర్టిఫికెట్ చూపించుకోవడానికి కాదు. మన హక్కు ఈ పేర్ల వల్ల వచ్చింది కాదు, పౌరులం కాబట్టి వచ్చింది. కానీ అబద్ధపు ఫార్వర్డ్‌కి జవాబు చెప్పాలంటే నిజం మన దగ్గర ఉండాలి.

ఫోన్ వచ్చాక మారినవి

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు లోకల్ పేపరులో చోటు దొరకని గొంతులు ఫోన్‌లో వినిపించాయి. 2020 జనవరి 4న హైదరాబాద్ మిలియన్ మార్చ్‌కి జనం కదలడంలో సోషల్ మీడియా పాత్ర పెద్దది. అదే ఏడాది మార్చి చివర్లో అదే ఫోన్ తిరగబడింది. తబ్లీగీ జమాత్ పేరుతో 'కరోనా జిహాద్' ప్రచారం దేశమంతా తిరిగింది. ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్, విదేశీ జమాత్ సభ్యుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారని చెప్పింది. తీర్పును ఎంతమంది ఫార్వర్డ్ చేశారు?

మాట్లాడే ఆడవాళ్లకు ఇంకో రకం దెబ్బ తగిలింది. 2022 జనవరి 1న బయటపడ్డ 'బుల్లీ బాయి' యాప్‌లో ముస్లిం మహిళల ఫోటోలు వేలానికి పెట్టినట్టు చూపించారు. అందులో హైదరాబాద్‌కు చెందిన అరవై దాటిన సామాజిక కార్యకర్త ఖాలిదా పర్వీన్ ఫోటో కూడా ఉంది. ఉద్దేశం ఒక్కటే, నోరు మూయించడం.

చట్టం ఏమంటోంది

రాజ్యాంగం 19(1)(ఎ) మాట్లాడే హక్కు ఇస్తుంది, 19(2) హద్దులు చెబుతుంది. పోస్టులకు అరెస్టు చేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది.

కొల్హాపూర్‌లో పనిచేసే ఒక ప్రొఫెసర్ వాట్సాప్ స్టేటస్‌లో 370వ అధికరణ రద్దైన రోజును 'బ్లాక్ డే' అన్నారు, ఆగస్టు 14న పాకిస్తాన్‌కు శుభాకాంక్షలు పెట్టారు. కేసు పడింది. ప్రభుత్వ నిర్ణయాన్ని విమర్శించడం, పక్క దేశం వాళ్లకు శుభాకాంక్షలు చెప్పడం నేరం కాదని సుప్రీంకోర్టు 2024 మార్చి 7న తేల్చింది. ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కవిత మీద గుజరాత్‌లో పెట్టిన కేసును 2025 మార్చి 28న కొట్టేసింది. మాటల మీద ఫిర్యాదు వస్తే, మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో కేసు కట్టేముందు పోలీసులు ప్రాథమిక విచారణ జరపడం మేలని ఆ తీర్పు చెప్పింది.

అయితే ఒకటి మరవద్దు. కేసు కొట్టేసేలోపు లాయరు ఫీజు కట్టేది, కోర్టు చుట్టూ తిరిగేది మనమే.

ఎక్కడ ఆగాలి

భారతీయ న్యాయ సంహితలో 196 వర్గాల మధ్య ద్వేషం రేపడం గురించి, 299 మతాన్ని కావాలని అవమానించడం గురించి, 353 పుకార్ల గురించి, 152 దేశ సమగ్రతకు ముప్పు గురించి. 152కి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. సర్కారును తప్పుపట్టొచ్చు, ఒక మతం వాళ్లందరినీ తిట్టకూడదు. ఎదుటివాడు ముందు తిట్టాడన్నది మనకు రక్షణ కాదు.

"నేను రాయలేదు, ఫార్వర్డే చేశాను" అన్నా కుదరదు. తమిళ నటుడు ఎస్.వీ. శేఖర్ పంచుకున్న పోస్టు కేసులో, పంపిన మెసేజ్‌కు పంపినవాడే బాధ్యుడని మద్రాస్ హైకోర్టు 2023లో చెప్పింది. సుప్రీంకోర్టులోనూ ఆయనకు ఊరట దొరకలేదు.

వేధింపు ఎదురైతే

- వెంటనే డిలీట్ చేయకండి. పేరు, నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.
- ఆ యాప్‌లో రిపోర్ట్ చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు.
- నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టించొచ్చు.
- ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నంబరు 15100.
- అమ్మాయి ఫోటో వాడుకుని వేధిస్తే తప్పు అమ్మాయిది కాదు. ఇంట్లో ఆమె ఫోన్ లాక్కోకండి.

ఇక ఊరి గ్రూపులో బాబాయ్ పంపిన ఫార్వర్డ్ సంగతి. గ్రూపులో నలుగురి ముందు జవాబిస్తే ఆయనకు పంతం వస్తుంది. ముందు ఆయనకే ఫోన్ చేయండి. "బాబాయ్, నువ్వు పంపింది నిజం కాదు, చూడు" అని ఆధారం పంపండి. అయినా ఆపకపోతే, మీ పేరుతోనే, తిట్టు లేకుండా, తేదీతో సహా నిజం ఒక్కసారి గ్రూపులో రాసి ఆగిపోండి. చదివేవాళ్లలో ఆయన ఒక్కడే లేడు కదా.