జయపురం లక్ష రూపాయలు

పరిశోధనా విశ్వవిద్యాలయంలో ఒక శాస్త్ర విభాగానికి సారథిని తేవడమంటే మేధావిని ఒప్పించడమే అనుకుంటాం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్ర చూస్తే, అంతకన్నా ముందు కావలసింది ఏటా తప్పకుండా వచ్చే డబ్బు అనిపిస్తుంది. 1926లో పుట్టిన ఆ సంస్థలో సైన్సు కళాశాల నిలదొక్కుకోవడానికి ఊతమిచ్చింది జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా ఇస్తానన్న లక్ష రూపాయలు. కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఒక్కసారి ఇచ్చే విరాళంతో భవనం లేస్తుంది. ఆచార్యుడికి మాత్రం నెలనెలా జీతం, ప్రయోగశాలకు ఏటేటా సరుకు కావాలి. ఉదాహరణకు, 1933లో పరిషత్తు ఉన్న వాల్తేరు చేరిన రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి అంతకుముందు మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధించారు, కోయంబత్తూరులో నేలల పరీక్షలు చేశారు. వాల్తేరులో ఆయన, శిష్యులు పత్తిపూల రేకుల నుంచి రంగుద్రవ్యాలను వేరుచేసి వాటి నిర్మాణం తేల్చారు. మొక్కల శాస్త్రం, రసాయనం అక్కడ ఒకే బల్ల మీద కలిశాయి.

ఆయన్ను రప్పించింది ఉపకులపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు ప్రతిష్ఠలే కదా అనవచ్చు. కాదనను. అయితే ప్రతిష్ఠ మనిషిని రప్పిస్తుందే గాని, శేషాద్రి ఉన్నట్టు 1949 దాకా నిలబెట్టదు. అసలు బరువైన ఆక్షేపణ మరొకటి: ఆ లక్ష కొండ రైతుల శిస్తుల సొమ్ము, చదువు మాత్రం సముద్రతీరానికి దక్కింది. ఇది నిజం. 1936లో జయపురం ఒడిశాలో కలిసింది. జయపురం ఉన్న కోరాపుట్‌ జిల్లాకు కేంద్రీయ విశ్వవిద్యాలయం 2009లో గాని రాలేదు.